ఐస్ హాకీ: గన్నవరం ఎండల్లో మంచు ఆటా..? రింక్ లేని ఊరి పిల్లలకు దారి ఎక్కడుంది?

గన్నవరం: మే నెల వచ్చిందంటే గన్నవరంలో పాదరసం 40 డిగ్రీలు దాటడం మామూలే. విమానాశ్రయం బయట కాలు పెడితే సెగ కొడుతుంది. అలాంటి చోట 'ఐస్ హాకీ' అంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మనకు హాకీ అంటే పచ్చిక మీద ఆడేదే. ఒలింపిక్స్‌లో 8 స్వర్ణాలు తెచ్చిపెట్టిన ఆట అది. మంచు మీద ఆడే హాకీ మనది కాదని, అది కెనడా, రష్యా వాళ్ల వ్యవహారమని అనుకుంటాం.

కానీ 2025 జూన్‌లో ఓ విషయం జరిగింది. యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన మహిళల ఆసియా కప్ ఐస్ హాకీలో భారత జట్టు కాంస్యం గెలిచింది. ఈ టోర్నీలో మన అమ్మాయిలకు ఇదే తొలి పతకం. మ్యాచ్‌లు జరిగింది ఎక్కడో చూశారా? ఎడారి మధ్యలో, మనకంటే ఎక్కువ ఎండ కాసే ఊళ్లో!

మరి సంప్రదాయం లేని దేశంలో ఒక ఆట ఎలా పెరుగుతుంది? దానికి నిజంగా కావాల్సింది ఏంటి? కృష్ణా జిల్లా కుర్రాడికో, విజయవాడ అమ్మాయికో ఇందులో చోటు ఉందా? చూద్దాం.

ముందు ఆట సంగతి..

ఐస్ హాకీలో ఒక్కో జట్టు నుంచి ఒకేసారి ఆరుగురు ఆడతారు. గోల్‌కీపర్ ఒకరు, మిగతా ఐదుగురు స్కేటర్లు. బంతి ఉండదు. దాని బదులు గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. దాన్నే 'పక్' అంటారు. బరువు 156 నుంచి 170 గ్రాములు. మ్యాచ్‌కు ముందు దాన్ని ఫ్రీజర్‌లో పెడతారు. లేకపోతే మంచు మీద ఎగిరెగిరి పడుతుంది, సాఫీగా జారదు.

ఆట మూడు భాగాలు. ఒక్కో భాగం 20 నిమిషాలు. వినడానికి తక్కువే అనిపిస్తుంది. కానీ ఆ వేగానికి ఏ ఆటగాడూ ఏకబిగిన ఒక నిమిషానికి మించి నిలబడలేడు. అందుకే ఆట ఆపకుండానే ఆటగాళ్లు మారిపోతూ ఉంటారు. అంతర్జాతీయ మ్యాచ్‌కు ఒక జట్టులో 20 మంది స్కేటర్లు, ఇద్దరు గోల్‌కీపర్లు.. మొత్తం 22 మంది వరకు ఉంటారు. అంటే ఒక జట్టు నిలబడాలంటేనే ఇద్దరు ముగ్గురు మెరికలు చాలరు, ఓ పెద్ద గుంపు కావాలి. కొత్త దేశాలకు మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది.

మన దేశంలో ఎక్కడ మొదలైంది?

సిమ్లాలో 1920లోనే స్కేటింగ్ రింక్ ఏర్పడింది. చలికి సహజంగా గడ్డకట్టే మంచుతోనే అది నడిచేది. కానీ ఆటకు అసలు ఊపిరి పోసింది మాత్రం లద్దాఖ్. అక్కడ చలికాలంలో చెరువులు, కుంటలు గడ్డకడతాయి. సైనికులు, స్థానిక యువకులు వాటి మీదే కర్రలు పట్టుకుని ఆడటం మొదలుపెట్టారు. స్కేట్లు దొరక్కపోతే సైనిక బూట్లకే ఇనుప బ్లేడ్లు బిగించుకున్న రోజులవి. గోల్‌కీపర్లు క్రికెట్ ప్యాడ్లు కట్టుకుని నిలబడేవారు.

భారత ఐస్ హాకీ సంఘానికి 1989లో అంతర్జాతీయ సమాఖ్య సభ్యత్వం దక్కింది. పురుషుల జట్టు మాత్రం 2009లో గానీ అంతర్జాతీయ టోర్నీలో అడుగు పెట్టలేదు. ఇరవై ఏళ్లు పట్టింది! మహిళల జట్టు తొలి టోర్నీ 2016లో, తైపీలో. అన్నీ ఓటములే. ఆ మరుసటి ఏడాది, 2017లో, బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌పై 4-3తో గెలిచింది. అంతర్జాతీయ మ్యాచ్‌లో మన అమ్మాయిల తొలి గెలుపు అదే.

ఈ పేరు గుర్తు పెట్టుకోండి.. ఫిలిప్పీన్స్. అసలు కథ అక్కడే ఉంది.

మనం ఓడించిన జట్టే ఛాంపియన్ అయింది

2017లో మన చేతిలో ఓడిన అదే ఫిలిప్పీన్స్, 2025 ఆసియా కప్‌లో స్వర్ణం పట్టుకెళ్లింది. మనకు కాంస్యం వచ్చింది. సంతోషమే. కానీ ఎనిమిదేళ్లలో వాళ్లు మనల్ని దాటి ఎలా వెళ్లారు?

ఫిలిప్పీన్స్‌లో మంచు కురవదు. లద్దాఖ్ లాంటి ప్రాంతం కూడా అక్కడ లేదు. మనీలా వాతావరణం మన కోస్తా లాంటిదే.. ఉక్కపోత, వాన, తుపాను. కానీ మనీలాలో షాపింగ్ మాల్స్ లోపల ఐస్ రింక్‌లు ఉన్నాయి. 1990లలోనే అవి మొదలయ్యాయి. పిల్లలు సరదాగా జారడానికి వెళ్తారు. కొందరు అక్కడే ఆగిపోతారు. కొందరు ఆటలోకి వస్తారు. మైఖేల్ మార్టినెజ్ అనే కుర్రాడు అలా మాల్‌లో స్కేటింగ్ నేర్చుకునే 2014 సోచి వింటర్ ఒలింపిక్స్‌ దాకా వెళ్లాడు. అదే రింక్‌ల నుంచి హాకీ కూడా పుట్టింది. 2016లో ఫిలిప్పీన్స్ అంతర్జాతీయ సమాఖ్యలో చేరింది. 2017 ఆగ్నేయాసియా క్రీడల్లో పురుషుల జట్టు ఏకంగా స్వర్ణమే గెలిచింది.

ఇప్పుడు మన సంగతి చూడండి. లద్దాఖ్‌లో సహజ మంచు మహా అయితే రెండు, మూడు నెలలు. మిగతా తొమ్మిది, పది నెలలు అమ్మాయిలు నేల మీద కసరత్తులు చేసుకోవాల్సిందే. మనీలా పిల్లలకు ఏడాది పొడవునా మంచు ఉంటుంది. అసలు తేడా ఇదే. చలి ఉన్న ఊరి కంటే రింక్ ఉన్న ఊరే ముందుకెళ్లింది.

కెన్యాలోనూ ఇదే జరిగింది. నైరోబీలో ఓ హోటల్ లోపలున్న చిన్న రింక్ మీద 'ఐస్ లయన్స్' అనే జట్టు పుట్టింది. 2024లో కెన్యాకు అంతర్జాతీయ సమాఖ్య సభ్యత్వం వచ్చింది.

మరి మన రింక్‌ల పరిస్థితి ఏంటి?

2011 దక్షిణాసియా వింటర్ గేమ్స్ కోసం దెహ్రాదూన్‌లో 'హిమాద్రి' పేరుతో ఒలింపిక్ సైజు రింక్ కట్టారు. పోటీలు అయిపోయాక అది ఏళ్ల తరబడి మూతపడింది. కారణం? ప్రధానంగా కరెంటు, నిర్వహణ ఖర్చు. 2025లో మళ్లీ తెరిచారు. అదే ఏడాది ఆగస్టులో అక్కడ ఆసియా స్థాయి షార్ట్ ట్రాక్ స్కేటింగ్ పోటీలు కూడా జరిగాయి. లేహ్‌లో నవాంగ్ దోర్జే స్టోబ్దన్ స్టేడియంలో కృత్రిమ మంచు రింక్ వచ్చింది. ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో ఐస్ పోటీలు అక్కడే జరుగుతున్నాయి. గురుగ్రామ్‌లో ఓ మాల్‌లో చిన్న రింక్ ఉంది.

తెలుగు రాష్ట్రాల్లో? మంచుతో ఆడుకునే స్నో పార్కులు ఉన్నాయి. కానీ మ్యాచ్ ఆడేంత పెద్ద రింక్ ఒక్కటీ లేదు.

గన్నవరంలో రింక్ కట్టాలంటే..?

ఇది కలలా అనిపించొచ్చు. కానీ ఇందులో వాడే సాంకేతికత మన డెల్టాకు కొత్తేమీ కాదు. రొయ్యలు, చేపలు ప్యాక్ చేయడానికి ఐస్ దిమ్మలు తయారుచేసే ఐస్ ఫ్యాక్టరీలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. అక్కడ జరిగేది ఏంటి? కంప్రెసర్‌తో ఉప్పునీటిని సున్నా కంటే కిందికి చల్లబరుస్తారు. ఆ ఉప్పునీళ్లలో మంచినీళ్లు నింపిన డబ్బాలు పెడతారు. కొన్ని గంటలకు దిమ్మ తయారు.

రింక్‌లోనూ సూత్రం అదే. కాంక్రీట్ నేల కింద దగ్గర దగ్గరగా పైపులు వేస్తారు. వాటిలో చల్లటి ఉప్పునీరో, గ్లైకాల్ ద్రావణమో తిరుగుతూ ఉంటుంది. పైన నీళ్లు పొరలు పొరలుగా చల్లుకుంటూ పోతే మూడు, నాలుగు సెంటీమీటర్ల మందాన మంచు పరుచుకుంటుంది.

సైజు ఎంతంటారా? 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు 45 సెంట్ల స్థలం. ఆ మంచుకు పట్టే నీళ్లు సుమారు 60 వేల లీటర్లు. స్థలం, నీళ్లు పెద్ద సమస్య కాదు. అసలు సమస్యలు రెండున్నాయి.

మొదటిది కరెంటు. రింక్‌ను రాత్రి ఆపేసి పొద్దున వేసుకోవడం కుదరదు. మంచు కరిగితే మళ్లీ మొదటి నుంచి మొదలు. కాబట్టి ఆడేవాళ్లు ఉన్నా లేకపోయినా యంత్రాలు తిరుగుతూనే ఉండాలి. బిల్లు వస్తూనే ఉంటుంది. హిమాద్రిని దెబ్బతీసింది ఇదే.

రెండోది ఉక్కపోత. కోస్తా గాలిలో తేమ ఎక్కువ. ఆ తేమ గాలి చల్లటి మంచును తాకితే రింక్ మీద పొగమంచు కమ్మేస్తుంది. పైకప్పు నుంచి చుక్కలు చుక్కలుగా నీళ్లు కారి మంచు మీద గడ్డలు కడతాయి. పక్ ఎటు పోతుందో తెలియదు. అందుకే మన దగ్గర రింక్ కట్టాలంటే గాలిలో తేమ లాగేసే యంత్రాలు తప్పనిసరి. ఖర్చు ఇంకా పెరుగుతుంది.

అంటే మాటలు ఇవి: కట్టడం ఒక్కసారి ఖర్చు, నడపడం రోజూ ఖర్చు. ప్రారంభోత్సవం నాడు రిబ్బన్ కత్తిరించే వాళ్లు చాలామంది ఉంటారు. ఐదో ఏడాది కరెంటు బిల్లు ఎవరు కడతారన్నదే ప్రశ్న. మాల్‌లో టికెట్ కొని జారే మామూలు జనం ఉంటేనే ఆ డబ్బు వస్తుంది. మనీలాలో రింక్‌లు నిలబడింది అలాగే. హాకీ వాళ్లు ఎక్కువగా మిగతా జనం వెళ్లిపోయాకో, తెల్లవారుజామునో ఆడతారు. ఈ ఆటలో ప్రపంచమంతా 'ఐస్ టైమ్' అనే మాట వినిపించేది అందుకే. ఎవరికి ఎన్ని గంటల మంచు దొరుకుతుందన్నదే అక్కడ ఆస్తి.

అప్పటిదాకా ఆగాల్సిందేనా? అక్కర్లేదు.. చక్రాలున్నాయి!

మన పిల్లలకు పనికొచ్చే విషయం ఇదే. ఐస్ హాకీలో సగం స్కేటింగే. స్కేటింగ్ చక్రాల మీద నేర్చుకోవచ్చు. తెలుగు పిల్లలు ఇందులో ఇప్పటికే ముందున్నారు.

మంగళగిరికి చెందిన జెస్సీ రాజ్ మాత్రపు రోలర్ స్కేటింగ్‌లో రాణించి, 2024 డిసెంబరు 26న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము చేతుల మీదుగా ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారం అందుకుంది. తెలంగాణకు చెందిన అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు. 2015లో అర్జున అవార్డు వచ్చింది. ఇక 2025 జనవరిలో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో తెలంగాణ అమ్మాయి నయన శ్రీ తాళ్లూరి ఐస్ స్కేటింగ్‌లో స్వర్ణం గెలిచింది. పెద్ద రింక్ ఒక్కటీ లేని రాష్ట్రం నుంచి వెళ్లి, మంచు మీద స్వర్ణం!

చక్రాల మీద ఆడే హాకీ కూడా ఉంది. అందులో రెండు రకాలున్నాయి. రోలర్ హాకీలో పాదం కింద రెండు జతల చక్రాలుండే స్కేట్లు వాడతారు. బంతితో ఆడతారు. ఇన్‌లైన్ హాకీలో చక్రాలన్నీ ఒకే వరుసలో ఉంటాయి. పక్‌తో ఆడతారు. గోల్‌కీపర్ కాక నలుగురు ఆడతారు. ఐస్ హాకీకి దగ్గరి చుట్టం ఈ ఇన్‌లైన్ హాకీయే. చదునైన సిమెంట్ కోర్టు ఉంటే చాలు. గన్నవరంలోనైనా, గుడివాడలోనైనా సాయంత్రం పూట ఆడుకోవచ్చు.

ఇక్కడ నేర్చుకున్నది మంచు మీద ఎంత పనికొస్తుంది? ఒంటికాలిపై బ్యాలెన్స్, మలుపుల్లో కాలు మీదుగా కాలు వేయడం, కర్రతో పక్‌ను అదుపు చేయడం, తలెత్తి తోటి ఆటగాళ్లను చూస్తూ పాస్ ఇవ్వడం.. ఇవన్నీ అలాగే పనికొస్తాయి. ఆగడం మాత్రం మళ్లీ నేర్చుకోవాలి. మంచు మీద బ్లేడ్లను అడ్డంగా తిప్పి, మంచు చెక్కుకుంటూ ఆగుతారు. చక్రాలతో అలా కుదరదు. బాగా స్కేటింగ్ వచ్చిన పిల్లలు కూడా రింక్ మీద మొదటి రోజు గోడకు గుద్దుకునేది ఇందుకే. కానీ సున్నా నుంచి మొదలుపెట్టేవాళ్ల కంటే వీళ్లు చాలా త్వరగా కుదురుకుంటారు.

విదేశాల్లో ఉన్న మన వాళ్లు ఆడొచ్చుగా?

చాలామందికి వచ్చే సందేహమే. టొరంటోలో, డల్లాస్‌లో పుట్టి పెరుగుతున్న తెలుగు పిల్లలకు రింక్‌లు ఇంటి పక్కనే ఉంటాయి. జమైకా అలాగే చేసింది. సొంత గడ్డపై రింక్ లేకపోయినా, ఉత్తర అమెరికాలో పెరిగిన జమైకా మూలాల ఆటగాళ్లతో జట్టు కట్టి 2019లో ఫ్లోరిడాలో లాటిన్ అమెరికా దేశాల కప్ గెలిచింది.

మనకు ఆ దారి మూసుకుపోయి ఉంది. భారత్ తరఫున ఆడాలంటే భారత పౌరసత్వం ఉండాల్సిందే. ఓసీఐ కార్డు సరిపోదు. మన చట్టం రెండు దేశాల పౌరసత్వాన్ని ఒప్పుకోదు కాబట్టి, కెనడా పాస్‌పోర్టు తీసుకున్న పిల్లలు ఇక్కడి జట్టులోకి రాలేరు. అయితే వాళ్లు ఇంకోలా సాయపడొచ్చు. 2018 జనవరిలో కెనడా దిగ్గజం హేలీ వికెన్‌హైజర్ స్వయంగా లద్దాఖ్ వచ్చి అమ్మాయిలకు శిక్షణ ఇచ్చింది. అదే ఏడాది చివర్లో మన జట్టును కాల్గరీకి పిలిపించింది. సెవాంగ్ చుస్కిత్ లాంటి ఆటగాళ్లు ఏళ్ల తరబడి నిలబడటానికి ఇలాంటి చేయూతలు ఉపయోగపడ్డాయి. పాత స్కేట్లు, కిట్లు, సెలవుల్లో శిక్షణ.. ఇవి ఇవ్వడానికి పాస్‌పోర్టు అడ్డం కాదు.

సంప్రదాయం లేకపోతే ఏం? విజయవాడే సాక్ష్యం

విల్లు పట్టి అంతర్జాతీయ పతకాలు తెచ్చే ఊరుగా విజయవాడకు పేరొస్తుందని 30 ఏళ్ల కిందట ఎంతమంది అనుకున్నారు? చెరుకూరి సత్యనారాయణ నడిపిన వోల్గా ఆర్చరీ అకాడమీ పిల్లల చేతికి రోజూ విల్లు అందించింది. ఇదే నగరానికి చెందిన వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. అదే క్రీడల్లో బొమ్మదేవర ధీరజ్ టీమ్ విభాగంలో రజతం తెచ్చాడు. రోజూ సాధన చేసే చోటు, నేర్పే మనిషి, ఓపిక పట్టే తల్లిదండ్రులు.. ఈ మూడూ కుదిరితే కొత్త ఆటైనా వేళ్లూనుకుంటుంది. ఐస్ హాకీకి వీటితో పాటు నాలుగోది కావాలి.. కరెంటు బిల్లు కట్టే దారి.

పిల్లల్ని పంపాలనుకుంటే ఇవి చూసుకోండి

* వయసు: ఐదారేళ్లకే స్కేటింగ్ మొదలుపెట్టొచ్చు. ముందు స్కేటింగ్ గట్టిపడాలి, కర్ర తర్వాత.

* స్కేట్లు: హాకీ ఆలోచన ఉంటే ఇన్‌లైన్ స్కేట్లే మేలు. ఏటా పాదం పెరుగుతుంది కాబట్టి మొదట్లో ఖరీదైనవి కొనొద్దు. సైజు మార్చుకునే రకం చూడండి.

* రక్షణ: హెల్మెట్, ముఖానికి జాలీ, మోచేతి, మోకాలి ప్యాడ్లు, గ్లవ్స్, నోటికి గార్డ్ లేకుండా ఆడనివ్వొద్దు. మంచు మీద ఆడేటప్పుడు మెడకు రక్షణ కూడా ఉండాలి. 2023 అక్టోబరులో ఇంగ్లండ్‌లో జరిగిన మ్యాచ్‌లో ఆడమ్ జాన్సన్ అనే ఆటగాడు మెడకు స్కేట్ బ్లేడ్ తగిలి చనిపోయాడు. ఆ తర్వాత అంతర్జాతీయ సమాఖ్య తన టోర్నీల్లో మెడ రక్షణను తప్పనిసరి చేసింది.

* సంఘాలు: చక్రాల ఆటలు రోలర్ స్కేటింగ్ ఫెడరేషన్ కిందికి, ఐస్ స్కేటింగ్ వేరే సంఘం కిందికి, ఐస్ హాకీ ఇంకో సంఘం కిందికి వస్తాయి. సర్టిఫికెట్ ఏ సంఘం ఇస్తోందో, దానికి గుర్తింపు ఉందో లేదో ముందే కనుక్కోండి.

* మంచు శిబిరం: చక్రాల మీద రెండు, మూడేళ్లు గట్టిగా ఆడాక దెహ్రాదూన్‌కో, లేహ్‌కో పంపొచ్చు. గన్నవరం నుంచి ఢిల్లీ వెళ్లి అక్కడి నుంచి మారాలి. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దిగిన వెంటనే ఆడించకూడదు. కనీసం ఒకటి, రెండు రోజులు విశ్రాంతి తప్పనిసరి.

* భవిష్యత్తు: దేశంలో ఈ ఆటకు ఉద్యోగాలు ప్రస్తుతం ఎక్కువగా సైన్యం, ఐటీబీపీ లాంటి బలగాల జట్ల వైపే ఉన్నాయి. లద్దాఖ్‌లో 2024 నుంచి ఓ లీగ్ కూడా నడుస్తోంది. క్రికెట్ స్థాయి డబ్బు ఆశించి మాత్రం పంపొద్దు.

దేశవాళీ ఐస్ హాకీలో పోటీ ఇంకా తక్కువే. బాగా స్కేటింగ్ వచ్చిన పిల్లలకు అక్కడ ఖాళీలు ఉన్నాయి. వచ్చే పదేళ్లలో ఆ ఖాళీలు ఎవరితో నిండుతాయో ఇప్పుడు సిమెంట్ కోర్టుల మీద చక్రాలు కట్టుకుంటున్న పిల్లలను బట్టే తేలుతుంది.